మొరం దారిలో మెత్తని టైరు

మట్టిదారి మీదికి దిగేముందు సైకిలు టైర్లలో గాలి ఎందుకు తీసేస్తారు?

హైదరాబాద్‌లోని రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఫిల్మ్‌నగర్ వైపుల నుంచి ఆదివారం తెల్లవారకముందే గండిపేట దారి పట్టే సైకిలు గుంపులతో మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఈ ప్రశ్న అడక్కుండా ఉండరు. తారురోడ్డు అయిపోయి మొరం దారి మొదలయ్యే చోట గుంపంతా ఆగుతుంది. వాల్వు మూత తీసి, లోపలి పిన్ను నొక్కి, బుస్సుమని కాస్త గాలి వదులుతారు. టైరుని బొటనవేలితో నొక్కి చూస్తారు. ఇంకాస్త వదులుతారు. కొత్తవాళ్ళకి ఇది వింతగా తోస్తుంది. గాలి తగ్గితే సైకిలు బరువెక్కుతుందని, తొక్కేవాడి ప్రాణం పోతుందని చిన్నప్పటి నుంచి మనకు తెలుసు. పంక్చరు షాపులో "గట్టిగా కొట్టన్నా" అని అడగడమే మన అలవాటు.

ఆ అలవాటులో తప్పు లేదు. తారు మీద తిరిగే సైకిలుకి అది చాలావరకు సరిపోతుంది. మొరం మీద మాత్రం సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ముందు ఆ దారి దేనితో తయారైందో చూడాలి.

బండరాయి మొరం అయ్యేదాకా

రహమత్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా చడావు ఎక్కినవాళ్ళ కాళ్ళకి ఈ నేల సంగతి తెలుసు. ఇక్కడ నగరం మొత్తం గుట్టల మీద కూర్చుంది. కేబీఆర్ పార్కులో, ఫిల్మ్‌నగర్ వెనక, ఖాజాగూడలో కనిపించే బండలన్నీ ఒకే గ్రానైట్ కుటుంబానివి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమ్మీద చెట్టూ చేపా ఏవీ లేని కాలంలో, నేల లోతున కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళుగా కొట్టుకుపోయి ఇప్పుడది బయటపడింది.

గ్రానైట్‌లో ముఖ్యంగా మూడు రకాల పలుకులుంటాయి. గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ లేదా తెలుపు రంగు ఫెల్డ్‌స్పార్, నల్లటి అభ్రకం. వాననీరు పగుళ్ళలోకి దిగితే ఫెల్డ్‌స్పార్ లొంగిపోతుంది. అది మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రదనం ఇస్తుంది. క్వార్ట్జ్ దేనికీ లొంగదు, పలుకులు పలుకులుగా విడిపోతుంది. ఎర్రటి బంకమట్టి, కరుకైన పలుకులు, ఇంకా పూర్తిగా చితకని రాతిముక్కలు, ఈ మూడూ కలిసినదే మొరం. గండిపేట చుట్టూ, హిమాయత్‌సాగర్ వెనక, చిలుకూరు వైపు సైకిలు చక్రం కింద నలిగేది ఇదే.

ఆ దారులు ఇన్నాళ్ళు మిగలడానికి నీళ్ళూ ఒక కారణం. 1908 మూసీ వరద నగరాన్ని ముంచాక, అలాంటిది మళ్ళీ రాకుండా 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి నీటివాలు ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టింది. నగరం అన్ని దిక్కులా కాంక్రీటు పరుచుకుంటూ పోయినా ఇటువైపు పొలాల మధ్య మట్టిబాటలు నిలిచాయంటే ఆ హద్దు పాత్ర చిన్నది కాదు. తంగేడు పూసే కాలంలో ఆ బాటల్లో ఒక్కసారి వెళ్ళిన వారికి అవి ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్దరాళ్ళే పైకి ఎందుకు వస్తాయి?

మొరం పోసి రోలరు తొక్కించిన కొత్తలో దారి చదునుగానే ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి పైన గులకరాళ్ళు తేలతాయి. ఎవరూ తెచ్చి పోయలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇంట్లో మిక్చర్ డబ్బా గుర్తు తెచ్చుకోండి. నాలుగు రోజులు తీస్తూ పెడుతూ ఉంటే పల్లీలూ అటుకులూ పైన ఉంటాయి. కారప్పూస నలుసులు, ఉప్పుకారం పొడి అడుక్కి చేరతాయి. బరువైన పల్లీ కిందికి దిగాలి కదా అనిపిస్తుంది. కానీ డబ్బా కదిలిన ప్రతిసారీ గింజలన్నీ ఒక క్షణం ఎగిరి సర్దుకుంటాయి. ఎగిరినప్పుడు పల్లీ కింద చిన్న సందు పడుతుంది. ఆ సందులోకి నలుసు జారగలదు, ఇంకో పల్లీ జారలేదు. నలుసు దూరాక పల్లీ మునుపటి చోటికి రాలేక కాస్త ఎత్తున ఆగిపోతుంది. డబ్బా మళ్ళీ కదిలితే ఇంకాస్త పైకి లేస్తుంది. డబ్బా బాగా కుదిపి, మూత తీసి చూడండి, మీ కళ్ళముందే జరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని బ్రెజిల్ గింజ ప్రభావం అంటారు. బ్రెజిల్ గింజలు కలిపిన పప్పుల డబ్బాలో ఆ పెద్ద గింజలే పైకి తేలతాయి మరి. 1987లో కంప్యూటరు లెక్కలతో ఇది ఎలా జరుగుతుందో చూపించారు.

మన మొరం దారి కూడా అలాంటి డబ్బానే. ట్రాక్టర్లూ ఇసుక టిప్పర్లూ పోయిన ప్రతిసారీ దారి కుదుపుకు గురవుతుంది. పొడి కిందికి, రాళ్ళు పైకి. పైకొచ్చిన రాళ్ళని బండి చక్రాలు పక్కకి నెడతాయి. అందుకే ఏ మట్టిదారి చూసినా చక్రాలు నడిచిన రెండు జాడలు గట్టిగా, నున్నగా ఉంటాయి. వాటి మధ్య గట్టులా పేరుకున్నదంతా వదులు కంకరే. సైకిలు నడపాల్సింది జాడలో. ఒక జాడలోంచి ఇంకో జాడకి మారడానికి ఆ గట్టు దాటేటప్పుడే చాలామంది జారుతారు.

ఇంకో రకం కుదుపూ ఉంది. పొడిదారి మీద అడ్డంగా, సముద్రపు అలల్లా వరసగా ఏర్పడే గతుకులు. నికొలా టాబర్లె, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెకెల్వేన్ అనే శాస్త్రజ్ఞులు 2007లో గుండ్రంగా తిరిగే ఇసుక బల్ల మీద చక్రాన్ని దొర్లించి చూశారు. చక్రం ఒక వేగం దాటాక నున్నటి ఇసుక తనంతట తానే అలలుగా లేచింది. చిన్న ఎగుడు తగిలి చక్రం కాస్త ఎగురుతుంది, దిగేటప్పుడు గుంత చేస్తుంది, ఆ గుంత ముందు మళ్ళీ ఎగుడు పోగవుతుంది. ఆ అలలు బండ్లు వెళ్ళే దిక్కుకే మెల్లగా జరుగుతూ పోతాయట! సైకిలిస్టుకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. అలకీ అలకీ మధ్య అరమీటరు దూరం, సైకిలు వేగం గంటకి 20 కిలోమీటర్లు అనుకుంటే, సెకనుకి పదకొండు దెబ్బలు తగులుతాయి. ఆ దెబ్బలన్నీ ఎక్కడికి పోతున్నాయన్నదే మనం మొదట అడిగిన ప్రశ్నకి తాళంచెవి.

టైరు పోగొట్టేది, ఒళ్ళు పోగొట్టేది

మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. సులువుకోసం ఒక్కో చక్రం మీద 40 కిలోలు, అంటే సుమారు 88 పౌండ్లు. టైరులో గాలి చదరపు అంగుళానికి 88 పౌండ్ల ఒత్తిడితో ఉంటే, టైరు నేలను ఆనే జాగా ఒక్క చదరపు అంగుళం చాలు. పోస్టు స్టాంపంత జాగా అన్నమాట. గాలిని 35 పౌండ్లకి తగ్గిస్తే అదే బరువు మోయడానికి రెండున్నర చదరపు అంగుళాలు కావాలి. టైరు అంతమేర నొక్కుకుంటుంది.

నొక్కుకున్న రబ్బరు తిరిగి లేచేటప్పుడు, మనం పెట్టిన శక్తినంతా వెనక్కి ఇవ్వదు. కొంత వేడిగా పోతుంది. చాలాదూరం తొక్కాక టైరు పట్టుకుంటే గోరువెచ్చగా తగిలేది ఇందువల్లే. దీన్ని నలుగుడు నష్టం అందాం. గాలి ఎంత తగ్గితే ఇది అంత పెరుగుతుంది. పంక్చరు షాపులో మనం గట్టిగా కొట్టమనేది దీనికి భయపడే.

ఇప్పుడు ఆ గట్టి టైరు ముందు బొటనవేలంత గులకరాయి పెట్టండి. టైరు లొంగదు. కాబట్టి చక్రం, దాంతోపాటు సైకిలు, సీటు మీద మనిషి, అంతా ఆ రాయి ఎత్తున పైకి లేవాలి. లేపడానికి శక్తి ఎవరిస్తారు? మీ కాళ్ళే. రాయి దాటాక కింద పడినప్పుడు ఆ శక్తి ముందుకు తోయడానికి తిరిగి రాదు. తొడల కండలు, పొట్ట, భుజాలు, అరచేతులు ఆ దెబ్బని మింగి వేడిగా మార్చేస్తాయి. దీన్ని కుదుపు నష్టం అందాం. సెకనుకి పదకొండుసార్లు ఇది జరుగుతుంటే, గంట తిరిగేసరికి కాళ్ళకన్నా ముందు చేతులూ నడుమూ ఎందుకు పడిపోతాయో అర్థమవుతుంది. అదే టైరు మెత్తగా ఉంటే రాయి రబ్బరులోకి దిగిపోతుంది. మనిషి ఉన్నచోటే ఉంటాడు.

నున్నటి తారు మీద కుదుపు నష్టం దాదాపు ఉండదు, నలుగుడు నష్టమే లెక్క. మొరం మీద నలుగుడు నష్టం చిన్నది, కుదుపు నష్టం కొండంత. గాలి తీస్తే చిన్నది కాస్త పెరుగుతుంది, పెద్దది బాగా తగ్గుతుంది. సైకిలు నిజంగానే తేలిగ్గా నడుస్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి, 65-70 కిలోల మనిషికి 30 నుంచి 35 పౌండ్ల దాకా పెట్టి మొదలుపెట్టడం మంచిది. మరీ తగ్గిస్తే రాయి టైరుని దాటి రిమ్ముకి కొడుతుంది. ట్యూబు రెండింటి మధ్యా నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చూడటానికి అచ్చం పాము కాటే, సైకిలిస్టులు పిలిచేదీ అలాగే.

గాలి టైరు పుట్టిందే ఈ కుదుపు నుంచి. రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు 1845లోనే గుర్రపు బండ్ల కోసం గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు, కానీ అది మరుగున పడింది. 1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ డన్‌లప్, కొడుకు మూడుచక్రాల సైకిలుకి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాలని చూశాడు. ముందుగా ఒక కర్ర చక్రానికి దాన్ని బిగించి ఇంటి పెరట్లో దొర్లించాడు. పక్కనే మామూలు గట్టి చక్రాన్నీ దొర్లించాడు. గట్టిది కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటిపోయింది. మెత్తనిది ఎక్కువ దూరం పోతుందన్న మాట ఆ పెరట్లోనే రుజువైంది. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. ఆ పైన తారు, కాంక్రీటు వచ్చి రోడ్లు నున్నబడ్డాయి. టైర్లు సన్నబడ్డాయి, గాలి పెరిగింది, పాత పాఠం మూలకి పోయింది.

మన ఊళ్ళలో మాత్రం పోలేదు. 1951లో మొదలైన అట్లాస్, 1956లో మొదలైన హీరో కంపెనీల నల్ల సైకిలుని ఒకసారి దగ్గరగా చూడండి. టైరు పక్కన 28 × 1½ అని ఉంటుంది. ఆ ఒకటిన్నర అంగుళం అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. ఇప్పుడు మట్టిదారుల కోసం లక్షలు పోసి కొనే గ్రావెల్ సైకిళ్ళ టైరు వెడల్పూ దాదాపు అంతే. పాలక్యాన్లు, గడ్డిమోపులు కట్టుకుని మొరం బాటల మీద దశాబ్దాలు నడిచిన ఆ సైకిలు ఇంజనీరింగు గొప్పది. దానికి తగిన గౌరవం మనం ఇవ్వలేదని నాకనిపిస్తుంది. గేర్లు, తేలికైన ఫ్రేమూ, మంచి బ్రేకులూ కొత్తవే కావచ్చు, కుదుపుని టైరుకి అప్పజెప్పాలన్న తెలివి మాత్రం అందులో ఎప్పుడో ఉంది.

హ్యాండిల్‌ని కాస్త వదలండి

కంకర గట్టు దాటేటప్పుడు ముందుచక్రం అటూ ఇటూ జారుతుంది. కొత్తవాళ్ళు వెంటనే హ్యాండిల్‌ని బిగబట్టుకుంటారు. పడిపోతారు.

ఖాళీ మైదానంలో ఒక పని చేసి చూడండి. సైకిలుని పక్కనే పరిగెడుతూ తోసి వదిలేయండి. మనిషి లేకుండానే చాలా దూరం నిలబడి పోతుంది. ఎడమకి ఒరిగితే హ్యాండిల్ తనే ఎడమకి తిరుగుతుంది. అప్పుడు చక్రాలు ఒరిగిన వైపు కిందికి వచ్చి సైకిలుని మళ్ళీ నిలబెడతాయి. వేగం బాగా తగ్గాకే పడుతుంది. తిరిగే చక్రాల బొంగరపు గుణం వల్లే ఇదంతా అని చాలాకాలం పుస్తకాలు చెప్పాయి. 1970లో డేవిడ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గుణాన్ని రద్దుచేసే ఎదురు చక్రం బిగించి తొక్కాడు. అయినా సైకిలు నడిచింది. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు బొంగరపు గుణమూ లేని, ముందుచక్రం వెనక్కి ఆని నడిచే గుణమూ లేని ఒక సైకిలు కట్టి తోశారు. అదీ నిలబడింది. ఏ ఒక్క కారణమూ తప్పనిసరి కాదని, బరువు పంపకం కూడా ఇందులో ఉందని వాళ్ళు తేల్చారు. తనంతట తాను నిలబడే సైకిళ్ళన్నీ చేసేది మాత్రం ఒక్కటే, పడుతున్న వైపుకి హ్యాండిల్ తిప్పుకోవడం.

బిగబట్టిన చేతులు ఆ పనే జరగనివ్వవు. అందుకే ఈ దారుల్లో పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట: మోచేతులు వంచు, వేళ్ళు వదులు చెయ్, పెడల్ ఆపకు, దూరంగా చూడు. నాలుగింటికీ వెనక ఈ శాస్త్రమే ఉంది.

గాలిచాటు, దుమ్ము

గుంపుగా ఎందుకు వెళ్ళాలి అంటే చాలామంది గాలిచాటు గురించి చెబుతారు. అది నిజమే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ప్రతి సెకనూ కావలసిన శక్తి ఎనిమిదింతలు. ముందువాడు చీల్చిన గాలిలో వెనకవాడికి చాలా మిగులుతుంది. బెర్ట్ బ్లాకెన్ అనే పరిశోధకుడి బృందం 2018లో 121 మంది పోటీ సైకిలిస్టుల గుంపుని గాలి సొరంగంలో నమూనాలతోనూ, కంప్యూటరులోనూ లెక్కగట్టింది. గుంపు లోపలి భాగంలో ఉన్నవాడికి, ఒంటరిగా పోయేవాడు ఎదుర్కొనే అడ్డులో 5 నుంచి 10 శాతమే తగులుతుందని తేలింది.

అయితే అది తారు మీద, జోరుగా పోయే గుంపుల సంగతి. మొరం మీద గంటకి 20 కిలోమీటర్లలోపు వేగంలో గాలి అడ్డు అంత పెద్ద శత్రువు కాదు. పైగా దగ్గరగా వెళ్ళడం ప్రమాదం. ముందు చక్రానికి రెండు మీటర్ల వెనక ఉంటే, దాని కింద నుంచి బయటపడిన రాయిని చేరడానికి మీకు సెకనులో మూడోవంతు కన్నా కొంచెమే ఎక్కువ సమయం ఉంటుంది. కన్ను చూసి, మెదడు తేల్చి, చెయ్యి తిప్పేలోపే రాయి మీ చక్రం కిందికి వస్తుంది. అందుకని మట్టిలోకి దిగగానే గుంపు సాగుతుంది, ఐదారు సైకిళ్ళ దూరం పెట్టుకుంటారు. దుమ్ము కూడా అప్పుడే కాస్త సర్దుకుంటుంది. ముందువాళ్ళు "రాయి", "గుంత", "ఇసుక" అని కేక వేస్తారు, చేత్తో చూపిస్తారు. వెనకవాళ్ళు దాన్ని ఇంకా వెనక్కి అందిస్తారు. దారి చీలిన చోట ఒకరు ఆగి, చివరి మనిషి వచ్చేదాకా కదలరు. ఈ ఒక్క పద్ధతి లేని గుంపుతో నేనైతే ఎవర్నీ వెళ్ళమనను.

ప్రపంచంలో ఈ మట్టిదారి సైకిలు సరదాకి పేరున్న చోట్లు వేరు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు చెకుముకి గుట్టల్లో 2006 నుంచి 200 మైళ్ళ పందెం నడుస్తోంది. అక్కడ రాయి చాకులా పదును, టైర్లు చీరేస్తుంది. మన గ్రానైట్ పలుకులు అంత దారుణం కాదు. 2022లో ఇటలీలో గ్రావెల్ సైకిళ్ళ మొదటి ప్రపంచ పోటీలు పెట్టారు. నా మనసుకి దగ్గరైనది మాత్రం 1997లో ఇటలీ టస్కనీలో మొదలైన ఎరోయికా. అక్కడి తెల్లమట్టి బాటలన్నీ తారు కింద కనుమరుగవుతున్నాయని, వాటిని బతికించుకోవడానికి పాత సైకిళ్ళతో జనాన్ని పిలిచారు. పందెం కాదు, పల్లెల్లో ఆగుతూ తింటూ పోవడమే. గండిపేట బాటలకి, మూసీ పుట్టిన అనంతగిరి బాటలకి అలాంటి పిలుపు ఒకటి గట్టిగా అందాలి. నెమలి అరుపు వినాలన్నా, సీతాఫలం పొదల వాసన తగలాలన్నా గంటకి 15 కిలోమీటర్లు సరైన వేగం.

పల్లేరు, నల్లరేగడి

ఈ దారుల్లో నిజంగా భయపడాల్సినవి రెండు. ఒకటి పల్లేరుకాయ. పసుపు పూల పల్లేరుతీగ నేలకి అతుక్కుని పాకుతుంది. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి రెండు పొడుగు ముళ్ళు, రెండు పొట్టి ముళ్ళు. ఎలా పడేసినా ఒక ముల్లు ఆకాశం వైపే ఉంటుంది. జంతువుల కాళ్ళకి గుచ్చుకుని ఊరూరా తిరగడానికి ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. సైకిలు టైరూ దానికి ఓ కాలే. చెరువు చుట్టూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ముళ్ళు దీనికి తోడు. అందుకే ఇప్పుడు చాలామంది ట్యూబు తీసేసి, టైరులో నేరుగా రబ్బరు పాల లాంటి ద్రవం పోస్తున్నారు. ముల్లు దిగితే తొందరపడి పీకొద్దు. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, ద్రవం అక్కడ చేరాక పీకండి. బుస్సుమంటుంది, తెల్లటి బుడగలొస్తాయి. బయటికి తోసుకొచ్చే గాలితోపాటు రబ్బరు రేణువులు చిల్లు దగ్గర చిక్కుకుని గట్టిపడతాయి. ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి అది పూడుకుంటుంది.

రెండోది వాన. వికారాబాద్ వైపు వెళ్తుంటే గ్రానైట్ అయిపోయి దక్కన్ లావా రాతి నేల వస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి ఆ రాయి చితికి నల్లరేగడి అవుతుంది. అందులోని బంకమట్టి పొరల మధ్యకి నీరు దూరి ఉబ్బుతుంది, పట్టుకున్నదాన్ని వదలదు. తడిసిన నల్లరేగడిలో నాలుగు చుట్లు తిరిగితే చక్రానికీ ఫోర్కుకీ మధ్య మట్టి గట్టిపడి సైకిలు కదలకుండా ఆగిపోతుంది. మోసుకు రావాల్సిందే. మొరంలో క్వార్ట్జ్ పలుకుల సందుల్లోంచి నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి, తడిసిన బంకమట్టి ఆ పలుకుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండాకాలం కన్నా దారి గట్టిగా కూడా ఉంటుంది. వానాకాలంలో గుంపుని తీసుకెళ్ళేవాళ్ళు ముందురోజు రాత్రి వాన పడితే చేవెళ్ళ దాటి పడమటికి పోకుండా చిలుకూరు, హిమాయత్‌సాగర్ వైపు మళ్ళిస్తే మంచిది. నల్లనేలకి ఆరడానికి రెండు మూడు రోజుల ఎండ కావాలి.